మగ్గము కుదిర్చిన మైత్రి

కయ్యమునకైనను వియ్యమునకైనను సమ ఉజ్జీ యుండవలెనని పెద్దలు చెప్పుదురు. చెలిమి మాత్రము ఇట్టి కొలతలను చూడదు. ఒక వీధిలో పెరిగినందున కొందరు మిత్రులగుదురు. ఒక బడిలో చదివినందున మరికొందరు మిత్రులగుదురు. వీనికంటె భిన్నమైన చెలిమి మరియొకటి కలదు. అది చేతిపనినుండి పుట్టునట్టిది. ఒకే పని తెలిసిన ఇరువురు కొత్తవారు ఒకచోట కలిసినచో, వారి సంభాషణ ఊరు పేరులతో ఆరంభమైనను త్వరలోనే పనిముట్లమీదికి పోవును. ఒకడు రెండవవాని ఉలిని చేతికి తీసికొని, బొటనవ్రేలితో దాని పదును పరీక్షించును. “దీనిని ఏ రాతిమీద నూరితివి?” అని అడుగును. ఆ ప్రశ్నతో వారి మధ్య కొత్తదనము తొలగిపోవును.

ఇట్టి చెలిమి ఎట్లు పుట్టునో, అది మనుష్యుల కడుపు నింపుటకు ఎట్లు తోడ్పడునో తెలిసికొనుటకు కర్నూలు జిల్లా పడమటి భాగము తగిన తావు. అచ్చట ఆదోని, ఎమ్మిగనూరు పట్టణములు కలవు. ఎమ్మిగనూరునకు చేరువలో గోనెగండ్ల కలదు. హంద్రీ నదిపై కట్టిన గాజులదిన్నె జలాశయము గోనెగండ్ల మండలములోనిదే. 1960 మొదలు 1962 వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా నుండిన దామోదరం సంజీవయ్యగారి పేరు దానికి పెట్టబడినది. ఈ ప్రాంతమున వానలు తక్కువ; కరవులు కొత్త కావు. నల్లరేగడి నేలలలో ప్రత్తి పండును. ఆదోని ప్రత్తి విపణి రాష్ట్రమున పేరు పొందినది. ప్రత్తి పండుచోట నూలు, నూలున్నచోట మగ్గము వచ్చుట సహజము. మగ్గమున్నచోట దానిని చేయు వడ్రంగియు ఉండవలెను.

మగ్గము పేరు చెప్పగానే అందరికిని నేతగాడు జ్ఞప్తికి వచ్చును. వడ్రంగిని తలచువారు అరుదు. కాని చేనేత మగ్గమును విడదీసి చూచినచో అందు నూలు, త్రాళ్లు, కొంత ఇనుము తప్ప మిగిలినదంతయు కఱ్ఱయే. నేసిన బట్టను చుట్టుకొను దోనె కఱ్ఱ. పడుగు పోగుల నడుమ పరుగెత్తు నాడె కఱ్ఱ. పేకపోగును దగ్గరకు కొట్టుటకై అచ్చును బిగించి పైనుండి వ్రేలాడదీసిన ఊగుడు చట్రము కఱ్ఱ. నేతగాడు పాదములతో నొక్కెడు తొక్కుడు పలకలు కూడ కఱ్ఱయే. చేనేత చీర కట్టుకొన్నవారు నేతగాని పనితనమునకు తోడు వడ్రంగి పనితనమును కూడ ధరించినట్లే యగును.

ఈ కఱ్ఱపని సులభమైనది కాదు. పచ్చికఱ్ఱ ఎండునప్పుడు కుంచించుకొని వంకర తిరుగును. అందుచేత ఎరిగిన వడ్రంగి దూలమును కోయించి, నీడపట్టున పేర్చి, నెలల తరబడి ఆరనిచ్చును. ఎండలు మండెడి ఈ సీమలో తొందరపడి పచ్చికఱ్ఱతో చేసిన పనిముట్టు ఒక వేసవిలోనే తన లోపమును బయటపెట్టును. నాడె పరుగెత్తు పలక వెండ్రుకవాసి వంగినను నాడె దారి తప్పి క్రిందికి జారును, లేదా ఎగిరి దూరముగా పడును. నాడె మేనిపై చిన్న పేడు లేచినను అది పడుగు పోగులను తెంచును. తెగిన ప్రతి పోగును వెదకి ముడివేయుటకు నేతగాడు పని ఆపవలెను. పని ఆగినచో కూలి ఆగును. వడ్రంగి చిత్రికపట్టుటలో చేసిన చిన్న అశ్రద్ధకు నేతగాని ఇంట పిల్లలు వెల చెల్లింపవలసి వచ్చును.

గుంటమగ్గమునకు మరియొక విశేషము కలదు. నేతగాడు నేల మట్టమున కూర్చుండి కాళ్లను గుంటలోనికి దింపును. గుంటలోని చల్లదనము, తేమ పోగులు పొడిబారి తెగకుండ కొంత కాపాడును. ఆ గుంట లోతు, తొక్కుడు పలకల ఎత్తు, దోనెకు రొమ్మునకు నడుమ దూరము నేతగాని శరీరమునకు తగినట్లుండవలెను. పొడవైనవానికి చేసిన మగ్గము పొట్టివానికి నడుము నొప్పిని తెచ్చును. కావున మంచి వడ్రంగి మూలమట్టముతో కొలిచి ఊరకుండడు. నేతగానిని మగ్గమున కూర్చుండబెట్టి, ప్రక్కన నిలిచి, అతని మోకాలు ఎచ్చట ఆగుచున్నదో, చేయి ఎంతవరకు చాగుచున్నదో గమనించును. మరల బాడిస తీసి చెక్కును, మరల చూచును. ఒకని శ్రమను మరియొకడు ఇంత శ్రద్ధతో కనిపెట్టుట స్నేహమునకు తొలిమెట్టు.

ఇట్లు మొదలైన పరిచయము మగ్గము అమర్చిన దినముతో ముగియదు. ఏడాదికొకసారి కీలు వదులగును, పలక అరుగును, నాడె మొన మొద్దుబారును. వడ్రంగి మరల వచ్చును. నేతగాడు తన అనుభవమును చెప్పును: “ఈ నాడె కొంచెము బరువైనది, సాయంకాలమునకు భుజము లాగుచున్నది.” ఆ మాట విని వడ్రంగి రాబోవు నాడెను తేలికగా చెక్కును. తరువాత పొరుగూరి నేతగానికి చేయు నాడెయందును ఆ మార్పు చేయును. ఒకరినొకరు ఎన్నడును చూడని ఇరువురు నేతగాండ్ర నడుమ వడ్రంగి చేయి వార్తాహరుడయ్యెను. మొదటివాని భుజము నొప్పి రెండవవాని భుజమును కాపాడెను. చేతిపనివారి నడుమ జ్ఞానము ఇట్లే ఊరినుండి ఊరికి నడచును.

నేతగాండ్రలో వారికి వారికి గల స్నేహమునకు పడుగు తయారుచేయు పని మంచి ఉదాహరణము. పడుగు పోగులకు గంజి పట్టించినగాని అవి మగ్గముపై రాపిడికి నిలువవు. పూర్వపు పద్ధతిలో ఈ పనిని వీధిలోనే చేయుదురు. తెల్లవారుజామున, ఎండ ముదరకముందే, పొడవైన పడుగును వీధి పొడవున చాపి కట్టుదురు. గంజి పూసి, పెద్ద కుంచెలతో ఇరుప్రక్కల దువ్వుచు నడుతురు. తెగిన పోగులను కొందరు అతుకుదురు. గంజి ఆరిపోవులోపల పని అంతయు ముగియవలెను. ఒక్క కుటుంబమున అందుకు చాలినన్ని చేతులుండవు. అందుచేత నేడు ఒకని పడుగునకు పదిమంది వత్తురు. రేపు ఆ పదిమందిలో మరియొకని పడుగునకు మొదటివాడు పోవును. ముందునాడు తగవులాడినవారైనను వేకువన ఒకే పడుగునకు ఇరుప్రక్కల నిలువక తప్పదు. కుంచె పట్టి ఒకే అడుగున నడచుచు కోపమును నిలుపుకొనుట కష్టము.

అయినను పూర్వపు గ్రామజీవనమును కేవలము పొగడుట న్యాయము కాదు. విజయనగర రాజుల కాలమునుండి ఈ సీమలో ఆయగాండ్ర వ్యవస్థ ప్రసిద్ధమై యుండెను. ఊరికి కావలసిన పనులు చేయు పన్నెండుగురు ఆయగాండ్రలో వడ్రంగి, కమ్మరి, కుమ్మరి మొదలగువారు చేరియుందురు. రైతునకు నాగలి, గొర్రు, బండి చేసియిచ్చిన వడ్రంగికి పంట కల్లమునకు వచ్చినప్పుడు ధాన్యము కొలిచి ఇచ్చెడివారు. దానివలన ఇచ్చిపుచ్చుకొనుట, ఆదరణము ఉండినమాట నిజము. కాని పని పుట్టుకతో ముడిపడి యుండెను. వడ్రంగి కొడుకు వడ్రంగియే, నేతగాని కొడుకు నేతగాడే. పనియందు కలిసిన చేతులు పంక్తియందు కలిసెడివి కావు. పనినెరిగినవాడు తన నేర్పును తన కులమునకే దాచుకొనెడివాడు. అతనికి వారసుడు లేనిచో ఆ నేర్పు అతనితోనే మట్టిలో కలిసెడిది. గడప దాటని స్నేహము సగము స్నేహమే.

చేతిపనివారు ఊళ్ల ఎల్లలు దాటి ఒక్కటిగా నిలిచిన దృష్టాంతములు మన దేశచరిత్రలో చాల పాతవి. మధ్యప్రదేశములోని మందసోరునందు ఒక శాసనము లభించినది. పట్టుబట్టలు నేయు ఒక శ్రేణి, అనగా పనివారి సంఘము, లాటదేశమునుండి దశపురమునకు వలస వచ్చినట్లు దానియందున్నది. లాటదేశము నేటి గుజరాత్ దక్షిణభాగము, దశపురమే మందసోరు. కొత్త ఊరిలో వారిలో కొందరు విలువిద్య నేర్చిరి, కొందరు జ్యోతిషము నేర్చిరి, కొందరు నేతనే నమ్ముకొనిరి. వృత్తులు మారినను వారు విడిపోలేదు. నేతపనిపై ఆర్జించిన ధనముతో క్రీస్తుశకము అయిదవ శతాబ్దమున సూర్యదేవాలయమును కట్టించిరి. కొన్ని దశాబ్దములకు అది శిథిలము కాగా 473 ప్రాంతమున ఆ శ్రేణియే మరల బాగుచేయించెను. ఒక తరము కట్టినదానిని మరుసటి తరము నిలుపుకొనుట ఆ సంఘపు బలమును చాటుచున్నది.

సంఘమను మాట వినగానే అది మంచిదే అని తలపరాదు. ఇంగ్లండులోని బరీ అను ఊరి ప్రాంతమున జాన్ కే అనునతడు 1733లో ఒక కొత్త నాడెకు హక్కుపత్రము పొందెను. అంతకుముందు నేతగాడు నాడెను ఒక చేతితో విసరి రెండవ చేతితో పట్టుకొనెడివాడు. వెడల్పైన బట్టకు చేయి అందదు గనుక ఇరువురు కావలసివచ్చెడిది. కే చేసిన మార్పు కఱ్ఱపనియందే యున్నది. నాడెకు చిన్న చక్రములు అమర్చి, అది పరుగెత్తుటకు పలకను, రెండు కొసల ఆగుటకు పెట్టెలను ఏర్పరచెను. నడుమ వ్రేలాడు త్రాటిని లాగినచో నాడె ఈ కొసనుండి ఆ కొసకు పోవును. ఒక్కడే వెడల్పైన బట్టను వేగముగా నేయగలిగెను. అయితే కూలి పోవునని నేతగాండ్రు అతనిని ద్వేషించిరి. యజమానులు అతని నాడెను వాడుకొనిరి కాని ప్రతిఫలము ఇయ్యలేదు. అతడు న్యాయస్థానమునకు పోగా, ఆ ఖర్చులు కలిసి భరించుటకై వారు ఒక సంఘము పెట్టుకొనిరి! కే 1747లో ఫ్రాన్సు దేశమునకు పోయెను. తుదకు అచ్చటనే పేదరికమున మరణించెను. ఇతరుని నేర్పును దోచుటకు కలిసినవారు భాగస్వాములు కావచ్చును గాని మిత్రులు కారు.

ఆ నాడెయే ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో చెన్నరాజధాని నేతగాండ్ర నడుమ వ్యాపించెను. పాత గుంటమగ్గమును పారవేయ నక్కరలేకుండెను. ఊగుడు చట్రమునకు రెండు ప్రక్కల పెట్టెలు అమర్చి త్రాడు కట్టిన చాలును. ఆ పని ఊరి వడ్రంగి చేయగలిగినదే. ఒకచోట చూచినదానిని మరియొకచోట చేసి చూపుటవలననే ఇట్టి మార్పులు పల్లెలకు చేరగలవు. దాచిన నేర్పు తరుగును, పంచిన నేర్పు పెరుగును అనుటకు ఇదియొక నిదర్శనము.

అయినను నాడె వేగము పెరిగినంతమాత్రమున నేతగాని కష్టము తీరలేదు. నూలు కొనుటకు అతని చేత ధనము లేదు. షావుకారు నూలు అప్పుగా ఇచ్చి, నేసిన బట్టను తాను చెప్పిన వెలకే తీసికొనును. బట్ట ఇచ్చినను బాకీ తీరదు; బాకీ తీరనిది మరియొకరికి బట్ట అమ్మరాదు. మంచి మగ్గము, మంచి చేయి, మంచి పొరుగువారు ఉండియు నేతగాడు ఆకలితో నుండుటకు కారణము బజారునందు అతడు ఒంటరివాడగుటయే. వేకువన పడుగు పట్టుటకు కలిసిన పదిమంది, నూలు కొనునప్పుడును బట్ట అమ్మునప్పుడును కలిసియుండలేదు.

ఈ లోపమును తీర్చు మార్గమును ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణపు పనివారు 1844లో చూపిరి. ఇరువది యెనిమిదిమంది, అందు పలువురు నేతపనివారు, తలకొక పౌను చొప్పున కూడబెట్టి చిన్న అంగడి పెట్టిరి. పిండి, వెన్న, పంచదార, క్రొవ్వొత్తులు వారి తొలి సరకులు. తూకము సరిగా నుండవలెను; సరకు కల్తీలేనిదై యుండవలెను; వాటా ఎంతయైనను మనిషికి ఒక్కటే ఓటు. ఇవి వారి నియమములు. ఈ సహకారపద్ధతి దేశదేశములకు వ్యాపించెను. భారతదేశమున 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. పరపతికే పరిమితము కాని ఇతర సంఘములకు 1912 చట్టము దారి తెరచెను. 1935లో మద్రాసునందు చేనేత సహకార సంఘములకు రాష్ట్రస్థాయి సంఘము ఏర్పడెను.

1938లో ఎమ్మిగనూరునందు చేనేత సహకార సంఘము నెలకొన్నది. అప్పటికి ఆ ఊరు బళ్ళారి జిల్లాలోని ఆదోని తాలూకాలో నుండెను. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని ప్రాంతము కర్నూలు జిల్లాలో చేరినది. ఈ సంఘస్థాపకుడు మాచాని సోమప్పగారు. భారత ప్రభుత్వము 1954లో ఆయనకు పద్మశ్రీ బిరుదమునిచ్చి గౌరవించెను. పద్మ బిరుదములు ఇయ్యనారంభించిన సంవత్సరము అదియే. ఎమ్మిగనూరు పేరు చేనేతతో పెనవేసికొని దూరప్రాంతములకు తెలియుటకు ఆ సంఘము ముఖ్యకారణమయ్యెను.

సహకార సంఘము నేతగానికి నూలు ఇచ్చును, కూలి ఇచ్చును, బట్టను అమ్మిపెట్టును. ఇది పైకి కనబడు మేలు. కనబడని మేలు వేరొకటి కలదు. సంఘపు సమావేశమున వేరువేరు వీధులవారు, వేరువేరు కులములవారు ఒకే చాపపై కూర్చుందురు. ఒకనికి రంగు అద్దుటలో మెలకువ తెలియును. మరియొకనికి అంచు దిద్దుటలో నేర్పు కలదు. ఒంటరిగా నున్నప్పుడు ఆ నేర్పును దాచుకొనుట లాభమని తోచును. సంఘపు బట్టకు మంచిపేరు వచ్చినచో అందరికిని గిరాకి పెరుగును గనుక, సంఘమున దానిని చెప్పుటయే లాభము. తోటివాని బట్ట చెడినచో తన బట్టకును పేరు పోవును. ఈ విధముగా పొరుగువాని మేలు తన మేలగును. పుట్టుక గీచిన గీతను పని చెరిపివేయును.

అట్టి మైత్రి నిలుచుటకు ప్రేమ ఒక్కటియే చాలదు. లెక్కలు సరిగా వ్రాయవలెను. అందరును సమావేశములకు రావలెను. తప్పు చేసినవాడు మిత్రుడైనను తప్పని చెప్పవలెను. లెక్క సరిగా లేనిచోట అనుమానము పుట్టును. అనుమానము పుట్టినచోట చెలిమి పడుగువలె ఒక్కొక్క పోగుగా తెగిపోవును. మిత్రులలో లెక్కలేల అనువారు మైత్రికి హాని చేయువారే. వడ్రంగి మూలమట్టము పెట్టి చూచుట కఱ్ఱపై అనుమానముచేత కాదు. కూర్పు గట్టిగా నుండవలెనను కోరికచేత.

నేడు మరమగ్గములు, యంత్రముల బట్టలు చేనేతను మిక్కిలి ఇబ్బంది పెట్టుచున్నవి. అయినను 2019-20లో జరిగిన నాలుగవ అఖిలభారత చేనేత గణన ప్రకారము దేశమున 35 లక్షలకు మించినవారు చేనేతలోను, దాని అనుబంధపు పనులలోను ఉండిరి. వారిలో నూటికి డెబ్బదిమందికి పైగా స్త్రీలు. రాట్నము త్రిప్పి కండెలు చుట్టినవారు, పడుగు అతికినవారు, మగ్గమున కూర్చున్నవారు ఇందు చేరుదురు. ఇంటిలోపల జరుగుటచేత వారి పనిలో చాలభాగము పూర్వము లెక్కకు రాలేదు. 1905 ఆగస్టు 7న ఆరంభమైన స్వదేశీ ఉద్యమమునకు గుర్తుగా 2015 నుండి ఆ దినమును జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు. ఆ దినమున నేతగాండ్రను సన్మానించుట మంచిదే. మగ్గము చేసిన వడ్రంగిని, కండె చుట్టిన తల్లిని కూడ తలచుకొనుట ఇంకను మంచిది.

గోనెగండ్ల ప్రాంతపు బాలుడొకడు ఎమ్మిగనూరు బజారున ఒక తువాలు కొనెననుకొందము. దానియందు రైతు ప్రత్తి కలదు. వడ్రంగి నాడె జాడ కలదు. వేకువన కుంచె పట్టిన పదిమంది అడుగులు కలవు. వారిలో పెక్కురు ఒకరి మొగము నొకరు చూచి యెరుగరు. అయినను ఒకడు తన పనిని అశ్రద్ధగా చేసియుండినచో మిగిలినవారందరి శ్రమయు చెడియుండెడిది. కనబడని తోటివానికొరకు పనిని చక్కగా చేయుట మైత్రిలోకెల్ల గొప్పది. అట్టి పని చేసినవానికి, తాను ఎన్నడును చూడని ఊళ్లలో కూడ మిత్రులుందురు.